చెప్పుల కాపలా

మా గూడెంలో 'ఊరు చూడ్డానికి పోవడం' అనే మాట లేదు. కూలికి పోతారు. చావుకి పోతారు. పెళ్లిలో డప్పు కొట్టడానికి పోతారు. తునికాకు కోయడానికి అడవికి పోతారు. జ్వరం ముదిరితే బొగ్గుబాయి ఆసుపత్రికి పోతారు. సమ్మక్క జాతరకి పోతారు, అదీ మొక్కుంటేనే. పనేమీ లేకుండా, బస్సుకి డబ్బులు పెట్టి, ఇంకో ఊరిని ఊరికే కళ్లతో చూసి రావడమంటే మా అమ్మకి నవ్వొచ్చేది. "ఆడ నీకేం పనిరా?" అనేది.

ఆ అమ్మ కొడుకుని నేను 2023 వేసవిలో లండన్ చూసొచ్చాను. పంతులుద్యోగం దిగిపోయాను. బిడ్డ అక్కడ ఎమ్మెస్సీ చదువుతోంది. నేనూ మా ఇంటామె ఇరవై రోజులు ఉండి వచ్చాం. వచ్చినప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు. "లండన్ ఎట్లుంది సార్?" అని. సంఘం పిల్లలు కూడా అడుగుతున్నారు. చెప్పాలనే ఉంది. కానీ లండన్ సంగతి చెప్పాలంటే ముందు భద్రాచలం సంగతి చెప్పాలి. ఒక ఊరిని ఎక్కడ నిలబడి చూడాలో నాకు మొదట నేర్పింది భద్రాచలం మెట్లే.

1976. ఎమర్జెన్సీ రోజులు. నేను ఎనిమిదో తరగతి. మాది ఇల్లందు, కొత్తగూడెం మధ్య ఊరు. ఇటు పొలాలు, అటు అడవి, కింద బొగ్గు. బళ్లో భద్రాచలం, పర్ణశాల విహారయాత్ర అన్నారు. మనిషికి ఐదు రూపాయలు. మా అయ్య వద్దన్నాడు. అమ్మ గుడ్లు పెట్టే కోడిని అమ్మింది. నలభై మంది పిల్లలం, ముగ్గురు సార్లు. తెల్లారుజామున బస్సు ఎక్కేటప్పుడు అమ్మ నా చొక్కా గుండీ పెడుతూ, "దేవుణ్ణి సూసిరా బిడ్డా. నా పేరు గూడ జెప్పు" అంది.

కాళ్లకి కొత్త చెప్పులు. మా పెద్దనాయన కుట్టినవి. పైతోలు మెత్తగా ఉండేట్టు వారం రోజులు ఆముదం పట్టించి ఇచ్చాడు. కొత్తగూడెం దాటి, పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు దాటి, సారపాక దగ్గర గోదారి కనపడింది. నేను అంత నీళ్లు చూడ్డం అదే మొదలు. వంతెన మీద బస్సు పోతుంటే పిల్లలందరం లేచి నిలబడి అరిచాం. ఆ అరుపులో కులం లేదు. అది నాకు బాగా గుర్తు.

గుడి కింద మెట్ల దగ్గర దిగాం. అందరినీ వరసలో నిలబెట్టి సారు లెక్క పెట్టాడు. తర్వాత మా ముగ్గురిని పక్కకి పిలిచాడు. ఇద్దరం మాదిగలం, ఒకడు మాలోడు. "లోపల రష్షుగా ఉంది. చెప్పులు పోతాయి. సంచులు పోతాయి. మీరు ముగ్గురు ఈడనే కూసొని చూసుకోండి. ప్రసాదం తెస్తంలే" అన్నాడు. కులం మాట ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు. నలభై మందిలో ముగ్గురిని ఏరడానికి ఆయనకి అర నిమిషం కూడా పట్టలేదు. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. ఆ చట్టానికి దొరక్కుండా మాట్లాడ్డం ఊళ్లో చదువుకున్న వాళ్లందరికీ వచ్చు.

మిగతా పిల్లలు మెట్లెక్కి పోయారు. మా ముందు నలభై జతల చెప్పులు. నాకు అప్పుడే ఒక సంగతి తట్టింది. ఆ చెప్పుల్లో సగం మా పెద్దనాయన కుట్టినవే. ఆ తోలు ఏ గొడ్డుదో కూడా నేను చెప్పగలను. మేం కుట్టినవి వాళ్లు తొడుక్కొచ్చారు, విప్పారు, లోపలికి పోయారు. మేం మళ్లీ వాటి దగ్గరే కూర్చున్నాం. రెండు గంటలు కూర్చున్నాం. నేను మెట్లు లెక్కపెట్టుకున్నాను. కిందనుంచి పైకి, పైనుంచి కిందికి.

మధ్యాహ్నం ఒక సత్రంలో భోజనాలు. వడ్డించేవాడు సారు చెవిలో ఏదో అడిగాడు. సారు మా వైపు గడ్డం ఎత్తి చూపించాడు. మాకు విస్తళ్లు వెనక, కడుగుదొడ్డి పక్కన వేశారు. పర్ణశాలలో సీతవాగు దగ్గర, సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులని రాళ్ల మీది రంగు గీతలు చూపించారు. అక్కడ గుడి లేదు, గోడ లేదు. హమ్మయ్య అనుకున్నాను. దప్పికై వాగులో దిగితే, "కిందికి పోండిరా, కిందికి" అన్నాడు ఇంకో సారు. పారే నీళ్లకి కూడా పైన, కింద ఉంటాయని అట్లా తెలిసింది.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "దేవుడికి నా పేరు జెప్పినవా?" చెప్పానన్నాను. అమ్మతో నేను ఆడిన పెద్ద అబద్ధం అదే. ఆమె 1999లో పోయింది. నిజం చెప్పలేదు.

ఇది చిన్న సంగతి. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో మనవాళ్లని నరికారు. వాటి ముందు నా చెప్పుల కాపలా ఏపాటిది? నేనూ చాలా ఏళ్లు అట్లానే అనుకొని ఎవరికీ చెప్పలేదు. కాలేజీ రోజుల్లో కారంచేడు ఊరేగింపుల్లో తిరిగాను, ఉపన్యాసాలిచ్చాను, ఈ ముక్క మాత్రం నోట రాలేదు. సిగ్గు. చేసినవాడికి లేని సిగ్గు పడ్డవాడికి ఎందుకుంటుందో!

ఆ సిగ్గు పోగొట్టింది బాబాసాహెబే. ఆయన తన బతుకులో జరిగినవి కొన్ని, 'వీసా కోసం ఎదురుచూస్తూ' అని చిన్నగా రాసిపెట్టాడు. అందులో ఒకటి అచ్చంగా విహారయాత్ర సంగతే. 1934లో ఆయనా, ఉద్యమంలో ఆయనతో పనిచేసేవాళ్లూ ముప్పై మంది దాకా కలిసి వేరూళ్ గుహలు చూద్దామని బయల్దేరారు. దారిలో దౌలతాబాద్ కోట చూద్దామని ఆగారు. అప్పుడది నిజాం రాజ్యం, మా ఖమ్మం ఏ రాజ్యంలో ఉందో అదే. దుమ్ము కొట్టుకొచ్చారని కోట వాకిట్లో ఉన్న చెరువు నీళ్లతో ముఖాలు కడుక్కున్నారు. అంతే, అంటరానివాళ్లు నీళ్లు మైలపరిచారని గోల. చివరికి కోట చూడనిచ్చారు. కానీ లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడమని ఒక తుపాకీ సిపాయిని వెంట పంపించారు. అప్పటికే కొలంబియా డాక్టరేటు, లండన్ డాక్టరేటు, బారిష్టరు చదువు అయిపోయిన మనిషి. ఆయన వెంటే కాపలా నడిస్తే, మెట్ల కింద కూర్చున్న నాకు సిగ్గెందుకు? ఆ పేజీలు చదివిన రోజు మా ఇంటామెకి మొదటిసారి భద్రాచలం సంగతి చెప్పాను.

తర్వాత కొన్నేళ్లు నేలకొండపల్లిలో పనిచేశాను. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నది, అంటే రామదాసుది, ఆ ఊరే. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణాకి తహసీలుదారుగా ఉండి, వసూలైన శిస్తు డబ్బుతో గుడి కట్టించాడని తానీషా గోల్కొండ జైల్లో పెట్టించాడు. కథ అందరికీ తెలిసిందే. పిల్లలకి ఏటా ఆ పాఠం చెప్పేవాణ్ణి. ఒక ఏడు చెబుతూ చెబుతూ ఆగిపోయాను. శిస్తు అంటే ఎవరిది? పాల్వంచ పరగణాలో దున్నిన వాళ్లది, కోసిన వాళ్లది, అడవి కొట్టి పొలం చేసిన వాళ్లది. అసలు ఆ విగ్రహాలని మొదట చూసి, తాటాకు పందిరి వేసి పూజ చేసింది పోకల దమ్మక్క అనే ఆదివాసీ ఆడమనిషి అని ఆ గుడి కథే చెబుతుంది. చూసింది దమ్మక్క. డబ్బు పరగణా జనానిది. పేరు తహసీలుదారుది. మెట్ల కింద కూర్చుంది మేము.

అదే నేలకొండపల్లిలో ఊరి బయట ఒక పెద్ద మట్టిదిబ్బ ఉంది. విరాటరాజు దిబ్బ అనేవాళ్లు. తవ్వి చూస్తే అది బౌద్ధ స్తూపం. ఎక్స్‌కర్షన్ పిల్లలందరూ రామదాసు మందిరానికి పోయేవాళ్లు. నేను గూడెం పిల్లల్ని సైకిళ్ల మీద దిబ్బకి తీసుకుపోయేవాణ్ణి. అక్కడ మెట్ల కింద కూర్చోమనేవాడు లేడు. ఆ దిబ్బ మూలంగానే బౌద్ధం పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. వాటిల్లో అమరావతి శాసనాల మీద రాసింది ఒకటి దొరికింది. అందులో ఒక చోట నా కళ్లు ఆగిపోయాయి.

అమరావతి స్తూపానికి ఒక పలక దానం ఇచ్చినవాడి పేరు విధికుడు. అతను 'చమ్మకార'. అంటే తోలుపని చేసేవాడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, చుట్టాలూ స్నేహితులతో కలిసి నిండుకుండ చెక్కిన పలకని దానం చేశానని రాతి మీద రాయించుకున్నాడు. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి మాట. తండ్రి పంతులు, కొడుకు తోలుపనివాడు. మా ఇంట్లో పెద్దనాయన చెప్పులు కుట్టాడు, నేను పంతులయ్యాను. ఆ రాత్రి నేను సరిగా నిద్ర పోలేదు. మనకి చరిత్ర లేదన్నారు కదా! ఉంది. పేరుతో సహా ఉంది. చదవనీయలేదంతే.

ఇప్పుడు లండన్ సంగతి.

మా బిడ్డ బ్యాంకు అప్పు మీద పోయింది. చదువు సాగేటప్పుడు వారానికి ఇరవై గంటలకి మించి పని చెయ్యకూడదని అక్కడి రూలు. ముసలివాళ్ల ఆశ్రమంలో రాత్రి డ్యూటీ చేస్తది. పక్కలు మారుస్తది, ఒళ్లు తుడుస్తది. ఆ మాట చెప్పేటప్పుడు మొదట్లో ఫోనులో గొంతు తగ్గించేది. "పనికి సిగ్గేందమ్మా, నీకు దాని డబ్బులిస్తున్నరు గదా, మీ నాయనమ్మకి బాకీ తీరడానికే సరిపోయేది" అన్నాను. మేం పోయాక సెలవు రోజుల్లో ఊరు చూపించింది. "నాన్నా, మొదట టవర్" అంది.

లండన్ టవర్ అంటే ఒక్క గోపురం కాదు, థేమ్స్ ఒడ్డున పెద్ద కోట. టిక్కెట్టు డబ్బులు చూస్తే బిడ్డ ఒక రాత్రి పక్కలు మార్చిన కూలి గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది. లోపల రాజుల నగలున్నాయి. జనం నిలబడిపోకుండా కాళ్ల కింద నేలే కదులుతుంది. కోహినూరు ముందు మనం ఆగలేం, అదే తీసుకుపోతది. మా ముందు ఒక తెలుగు కుటుంబం. ఆయన పిల్లాడికి చెబుతున్నాడు, "మన వజ్రం రా ఇది, దొంగతనంగా తెచ్చుకున్నారు" అని. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందంటారు. నేనూ మొదట 'మన వజ్రమే' అనుకున్నాను. తర్వాత ఆలోచన వచ్చింది. టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు పదిహేడో శతాబ్దంలో కొల్లూరు పోయి చూసి రాశాడు. అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని, మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తున్నారని. ఆ 60,000 మందిలో ఒక్కరి పేరైనా ఉందా? వజ్రం పెట్టుకున్న రాజుల పేర్లు మాత్రం వరసగా ఉన్నాయి. తెచ్చిన తెల్లదొరని దొంగ అనడం న్యాయమే. దానికి ముందు మట్టి మోయించుకున్న నల్లదొరని ఏమనాలి?

టవర్ నుంచి నడుచుకుంటూ సిటీ అనే పేటకి పోయాం. బ్యాంకులు, కంపెనీలు, రాతి స్తంభాలు. టూరిస్టులు ఫోటోలు తీసుకుంటున్నారు. అక్కడ నేను నిలబడిపోయాను. బిడ్డ అడిగింది, "ఇక్కడేముంది నాన్నా?" అని.

ఇక్కడ మీ ముత్తాత వాళ్ల నాయన ఉన్నాడమ్మా అన్నాను. మా ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే ఆయన కనిపెట్టాడు. దాన్ని తవ్వుకునే హక్కు 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తీసుకుంది. బొగ్గు ఇల్లందులో, వాటాల బేరం లండన్‌లో. ఒక్క తట్ట బొగ్గు పైకి రాకముందే వాటాల మీద దోపిడీ జరిగింది. నిజాం ఖజానా మునిగిందని గొడవ లేస్తే, 1888లో బ్రిటిషు పార్లమెంటు విచారణ కమిటీ వేసింది. తవ్వకం మొదలైంది 1889లో. ఆ బాయిల్లోకి దిగింది ఎవరు? ఊళ్లో వెట్టి నుంచి తప్పించుకొచ్చిన మాల మాదిగలు, అడవి పోగొట్టుకున్న వాళ్లు, పొట్ట చేత పట్టుకొని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలోళ్లు. మా వంశంలో మూడు తరాలు తట్టా చెమ్మస్ పట్టారు. మా అయ్య ఊపిరి తిత్తుల్లో బొగ్గు పెట్టుకొనే పోయాడు.

బాయి పని మాకు అన్నం పెట్టింది. ఆ మాట కాదనను. చీకట్లో అందరి ముఖాలూ నల్లగానే ఉంటాయి, లోపల కులం తక్కువ అనేవాడు మా అయ్య. కానీ కంపెనీ క్వార్టర్లకొచ్చాక మళ్లీ ఎవరి వరస వాళ్లదే. లండన్ రాతి స్తంభాల ముందు ఆ మాటలన్నీ బిడ్డకి చెప్పాను. ఆమె ఫోను కిందికి దించి వింది. "ఇదంతా నాకు ఎప్పుడూ చెప్పలేదేం నాన్నా" అంది. నిజమే. చదువు చెడుతుందని మన పిల్లలకి మన సంగతే చెప్పకుండా పెంచాం.

మర్నాడు చాక్ ఫార్మ్ దగ్గర రైలు దిగి కింగ్ హెన్రీస్ రోడ్డులో పదో నంబరు ఇంటికి పోయాం. 1921, 22లలో అంబేద్కర్ ఉన్న ఇల్లు. గోడకి గుండ్రటి నీలం బిళ్ల. మామూలు ఇల్లు, వరస ఇళ్లలో ఒకటి. లోపల ఆయన ఫోటోలు, పుస్తకాలు. మా ఇంటామె వాకిట్లోనే చెప్పులు విడిచింది. "ఇక్కడ అక్కర్లేదమ్మా" అంది బిడ్డ. "నాకు అక్కరుంది" అందామె. నేను ఏమీ అనలేదు.

ఆయన ఆ ఊరికి మొదట 1916లో వచ్చాడు. బరోడా రాజు ఇచ్చే స్కాలర్‌షిప్పు గడువైపోయి 1917లో చదువు సగంలో వదిలిపెట్టి పోవాల్సొచ్చింది. పుస్తకాలు వేసిన ఓడని యుద్ధంలో ముంచేశారు. బరోడాలో పెద్ద ఉద్యోగం. కానీ ఉండటానికి గది లేదు. హిందువులు ఇవ్వరు. పార్శీల సత్రంలో పేరు మార్చుకొని ఉంటే, కులం తెలిసి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. లండన్‌లో గది దొరికిన మనిషికి సొంత దేశంలో సత్రం దొరకలేదు. నాకు భద్రాచలం కడుగుదొడ్డి పక్కన విస్తరి గుర్తొచ్చింది. ఆయన కూలబడలేదు. జీతం కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం తీసుకొని, స్నేహితుడి దగ్గర అప్పుచేసి, 1920లో మళ్లీ వచ్చాడు. 1923లో రూపాయి సమస్య మీద డాక్టరేటు తీసుకున్నాడు. అప్పుచేసి చదువుకోడానికి వచ్చిన మా బిడ్డ ఆ గదిలో చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది.

ఆ ఇంటి కథ కూడా అంత తేలిక కాదు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది. మనుషులు ఉండే వీధిలో మ్యూజియం ఏంటని ఇరుగుపొరుగు ఫిర్యాదు, స్థానిక కౌన్సిలు కాదనడం, విచారణ. చివరికి 2020 మార్చిలో ప్రభుత్వం సరేనంది. చచ్చిపోయి అరవై ఏళ్లు దాటినా ఆయనకి ఇంటికోసం కొట్లాట తప్పలేదు.

అంటే లండన్‌లో కులం లేదా? రోడ్డు మీద, రైల్లో, మ్యూజియంలో ఎవరూ అడగలేదు. ఒంటి రంగు చూసేవాళ్లు చూస్తారు. అడిగింది మనవాళ్లే. బిడ్డతో ఇల్లు పంచుకున్న తెలుగు పిల్లలు మొదటి వారం ఇంటిపేరు అడిగారట. దాంతో తేలక ఊరు అడిగారు. ఊళ్లో ఏ బజారని అడిగారు. పదో రోజుకి వంటింట్లో గిన్నెలు వేరయ్యాయి. బిడ్డ ఇల్లు మారింది. ఇదంతా మేం పోయాకే చెప్పింది. నేను అమ్మకి భద్రాచలం గురించి అబద్ధం ఆడినట్టే, నా బిడ్డ నాకు ఫోనులో "అంతా బాగుంది నాన్నా" అని చెప్పింది. కులాన్ని కూడా వివక్ష చట్టంలో చేర్చాలని బ్రిటిషు పార్లమెంటు 2013లో నిర్ణయం చేసింది. 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, కోర్టు తీర్పులే చాలునంది. చేర్చొద్దని గట్టిగా పోరాడిన వాళ్లలో మనదేశం నుంచి పోయిన పైకులాల సంఘాలున్నాయి. సముద్రం దాటితే కులం పోతుందని పూర్వం వాళ్లు భయపడేవాళ్లు. ఏం పోలేదు. పెట్టెలో సర్దుకొని దాటించారు.

ఆఖరి రోజు బ్రిటిష్ మ్యూజియం. టిక్కెట్టు లేదు. సంచి వెతికి లోపలికి పంపారు. మధ్యలో గుండ్రటి చదువుల గది ఉంది. మార్క్స్ చదివింది, అంబేద్కర్ చదివింది అక్కడే. మూసి ఉంది. బయటి గోడ పట్టుకొని చూశాను. తర్వాత అడుక్కుంటూ అడుక్కుంటూ అమరావతి రాళ్ల గదికి పోయాం. 33ఏ.

అద్దాల వెనక తెల్లటి పల్నాటి సున్నపురాయి. వాల్టర్ ఇలియట్ అనే దొర 1845లో అమరావతిలో తవ్వించి మద్రాసు చేర్పిస్తే, అక్కడినుంచి 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. అంతకు ముందే జమీందారు మనుషులు ఇళ్ల రాయి కోసం ఆ దిబ్బని తవ్వారు. దొర దోచుకెళ్లాడు, జమీందారు పగలగొట్టించాడు. మిగిలింది కొంత మద్రాసులో, కొంత ఇక్కడ.

పద్మాలు, ఏనుగులు, చెట్టు కింద ఖాళీ ఆసనం. గది జనంతో ఉంది గానీ ఎవరూ తోసుకోవడం లేదు. మా ఇంటామె ఒక పలక ముందు ఆగి, "ఇగో, ఇటు రాండి" అంది. రాతి మీద రెండు పాదాలు. బుద్ధుడి బొమ్మ లేదు, పాదాలే ఉన్నాయి. అరికాళ్లలో చక్రాలు. ఆ రోజుల్లో బుద్ధుణ్ణి అట్లా చూపించేవాళ్లు. మనిషిలో అన్నిటికన్నా కింద ఉండేది పాదం. కాళ్లనుంచి పుట్టారని మనల్ని తక్కువ చేశారు. కాళ్లకి తొడిగేవి కుడతారని మరీ తక్కువ చేశారు. ఇక్కడ ఆ కాళ్లనే రాతిలో చెక్కి, వాటికే దణ్ణం పెట్టారు.

అక్కడే ఆమెకి విధికుడి సంగతి చెప్పాను. ఇదే స్తూపానికి మనవాడొకడు పలక ఇచ్చాడని, వాళ్ల నాయన పంతులని, ఇంటిల్లిపాదినీ రాయించాడని. శ్రద్ధగా విన్నది. విని, "అమ్మ పేరు కూడా రాసిండా?" అని అడిగింది.

నాకు గొంతు పట్టుకుంది. తల్లితో కలిసి అని ఉంది. పేరు లేదు. భార్య పేరు లేదు. కూతుళ్ల పేర్లు లేవు. నాయన పేరుంది, కొడుకు పేరుంది. అదే చెప్పాను.

"అప్పుడు గూడ అంతేనా" అంది.

నేను ఇరవై ఏళ్లుగా ఆ శాసనం గురించి మీటింగుల్లో చెబుతున్నాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. 'దేవుడికి నా పేరు జెప్పు' అన్న తల్లి కొడుకుని అయ్యుండి రాలేదు.

తిరిగొచ్చాక మా ఊరు పోయాను. ఆ రోజు చెప్పుల దగ్గర కూర్చున్న ముగ్గురిలో ఒకడు బాయిలో పైకప్పు కూలి ఎప్పుడో పోయాడు. మాల దోస్తు ఉన్నాడు. మేకలు కాస్తున్నాడు. వేపచెట్టు కింద కూర్చోబెట్టి అంతా చెప్పాను. టవర్, బొగ్గు కంపెనీ, బాబాసాహెబ్ ఇల్లు, పాదాలు, విధికుడు. చివరిదాకా విని బీడీ ఆర్పి, "మనం ఇంకా భద్రాచలమే సూడలేదు గదరా" అన్నాడు.

నిజమే. ఇప్పుడు అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. గంటన్నర దారి. నలభై ఏడేళ్లలో పనిమీద వందసార్లు ఆ ఊరు పోయాను. మీటింగులకి, పేపర్లు దిద్దడానికి, 1986 వరదలప్పుడు బియ్యం పంచడానికి. ఆ మెట్లు మాత్రం ఎక్కలేదు. దేవుడి మీద నాకు నమ్మకం లేదు, అందుకే పోలేదని చెప్పుకునేవాణ్ణి. అది పూర్తి నిజం కాదని వాడి మాట విన్నాక తెలిసింది. నమ్మకం లేక పోకపోవడం వేరు. పోనివ్వని చోటికి పోకుండా ఉండిపోవడం వేరు.

మొన్న చలికాలంలో ఇద్దరం పోయాం. గూడెం పిల్లలు పదకొండు మందిని తీసుకుపోయాం. ఆడపిల్లలే ఎక్కువ. బస్సులో వాళ్లకి దమ్మక్క కథ, శిస్తు కథ చెప్పాను. వంతెన మీద పిల్లలు లేచి అరిచారు. మెట్ల దగ్గర చెప్పుల స్టాండులో అందరి చెప్పులూ ఇచ్చాం. అక్కడ కూర్చున్న ముసలాయన నా జత అటూ ఇటూ తిప్పి చూసి, "కంపెనీ మాలు. కుట్టు నిలవదు" అన్నాడు. ఏ ఊరు పెద్దాయనా అని అడిగాను. చెప్పాడు. ఏ గూడెమో చెప్పక్కర్లేకుండానే ఇద్దరికీ అర్థమైంది. "నువ్వు లోపలికి పోయినవా ఎప్పుడన్నా?" అన్నాను. "ఈటిని ఎవలు సూత్తరు?" అన్నాడు.

మా దోస్తు నా భుజం మీద చెయ్యేసి, "మనిద్దరం ఈడ కూసుందాం, ఆయన్ని పోయి రమ్మను. మనకి అలవాటే గదా" అన్నాడు. ముసలాయన వద్దు వద్దంటూనే లేచాడు. పిల్లలు ఆయన చెయ్యి పట్టుకొని మెట్లెక్కించారు.

ఆయన దిగొచ్చాక మేం ఎక్కాం. పైన నేను దణ్ణం పెట్టలేదు. అమ్మ పేరు మాత్రం గట్టిగా చెప్పాను.